జేబుల్లేని ఓడ

ఏ అంగడిలోంచి బయటికి వస్తున్నా నా చేతులు వాటంతటవే జేబుల మీదికి పోతాయి. తిరువళ్ళూరు బజారులో కొత్తగా పెట్టిన సూపర్ మార్కెట్టు గుమ్మం దగ్గర యూనిఫారం వేసుకున్న ఒక పెద్దాయన బిల్లు చూస్తాడు. నేను బిల్లుతో ఆగను. ప్యాంటు జేబులు రెండూ లోపలి గుడ్డ కనిపించేదాకా బయటికి లాగి చూపిస్తాను. ఆయన కంగారుపడి, వద్దు వద్దని చేతులడ్డం పెట్టి "వేణాం సార్, వేణాం" అంటాడు. నా భార్య అప్పటికే నాలుగడుగులు ముందుకు పోయి, నేనెవరో తెలియనట్టు ఆటో కోసం చూస్తూ ఉంటుంది. యాభైకి దగ్గరపడిన మనిషికి ఇదేం పాడలవాటని ఆమె బాధ. ఆ అలవాటు నాకు చేసింది మా అత్త.

అత్త అంటే మా నాయనకు పినతండ్రి కూతురు. తిరువళ్ళూరులో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఆమెకు మళిగ అంగడి ఉండేది. ఉప్పు, పప్పు, బెల్లం, ఎండుమిరపకాయలు. మామ చిన్న వయసులోనే పోతే ఆ అంగడిని ఒంటిచేత్తో నడిపింది. ఆమె పోయి ఏడాది దాటింది. ఆ రోజు నేను పెద్దగా ఏడవలేదు. అందరూ చుట్టూ కూర్చొని ఏడుస్తుంటే నాకు మాత్రం, ఈమె నిజంగానే పోయిందా, తన వెనక మనమేం మాట్లాడుకుంటామో విందామని కళ్ళు మూసుకుందా అని అనుమానం. ఆమెను ఎరిగినవాళ్ళెవరూ ఈ మాటకు నన్ను తప్పుపట్టరు.

లోకంలో ఆమె అనుమానించని వస్తువు లేదు. సరుకు దింపే బండివాడు అగ్గిపెట్టెల కట్ట తెస్తే, అందులోంచి ఒక పెట్టె తీసి చెవి దగ్గర ఆడించి, చప్పుడును బట్టి పుల్లలు తగ్గాయని తేల్చేది. రేడియోలో టైము చెప్తే గోడ గడియారం వైపు చూసేది. గోడ గడియారాన్ని రైలు కూతతో సరిచూసేది. రైలు ఆలస్యమైన రోజు ఆమెకు మూడింటి మీదా నమ్మకం పోయేది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాఫీ బాగుందంటే, వాళ్ళు పోయాక కాఫీ గిన్నె వాసన చూసేది. "ఏమీ లేకుంటే ఎందుకు పొగుడుతారు?" అనేది.

"అంత అనుమానమేంది అత్తా?" అని ఎవరన్నా అంటే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "నమ్మేది తప్పు గాదురా. చూడకుండా నమ్మేది తప్పు."

ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండ మీది గుడికి పోయేవాళ్ళం. కావళ్ళు ఎత్తుకున్న జనంతో కింద వీధి కిటకిటలాడుతుంది. చెప్పులు విడిచే దగ్గర అత్త పద్ధతి వేరు. ఒక చెప్పు పూలంగడి పక్కన విడిచేది. రెండోది ఆ కొసన టెంకాయలంగడి దగ్గరికి పోయి విడిచేది. "ఒంటి చెప్పు ఎవుడు ఎత్తుకపోతాడు?" అని ఆమె ధీమా. ఒక ఏడు దిగి వచ్చేసరికి టెంకాయలంగడి దగ్గరి చెప్పు లేదు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె మాత్రం ఖాళీ చోటును కాసేపు చూసి, "నా మాదిరే ఇంకోడెవుడో ఈ కొండకు వచ్చుండాడు. వాడి చెప్పు ఒకటి పోయింటాది, పాపం" అంది. వాడి మీద కోపం కంటే గౌరవమే ఎక్కువగా వినిపించింది ఆ గొంతులో. ఒంటి చెప్పుతోనే రైలెక్కింది.

ఇటువంటి మనిషికి ఒక సీరియల్ కథ మీద ప్రాణం. అది కూడా నక్షత్రాల మధ్య తిరిగే ఓడ కథ.

మధ్యాహ్నం భోజనాల వేళకు అంగడి షట్టరు సగం దించేది. బియ్యం మూటకు ఆనుకొని కూర్చొని, పాత పత్రికలు చింపి పొట్లాలకు కాగితాలు సిద్ధం చేసేది. పాత పేపర్లవాడు కిలోల లెక్కన తెచ్చి పడేసే ఆ తమిళ వారపత్రికల్లో ఈ సీరియల్ వచ్చేది. ఒక భాగం అయిపోతే ఇంకో పేరుతో రెండో భాగం, తర్వాత మూడోది. ఆ పేజీలను మాత్రం అత్త జాగ్రత్తగా చింపి పక్కన పెట్టేది. సినిమా తారలూ వంటలూ జాతకాలూ మిరపకాయలు చుట్టుకొని ఊళ్ళోకి పోయేవి. ఓడ మాత్రం అంగట్లోనే ఉండేది.

మా ఇళ్ళల్లో చదివేది తమిళం, పోట్లాడేది తెలుగు. అత్త కళ్ళు తమిళంలో పరుగెత్తుతుంటే నోరు తెలుగులో చెప్పుకుంటూ పోయేది. ఎక్కడా తడబాటు లేదు. నేనూ, ఆమె కూతురూ, వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలమూ కాగితాలు మడుస్తూ వినేవాళ్ళం. కూలి తలా గుప్పెడు పుట్నాలపప్పు. పప్పు తిని లేచేటప్పుడు వాకిట్లో నిలబెట్టి, "జేబులు చూపీ" అనేది. బెల్లమో, జీడిపప్పో ఎత్తుకుపోతున్నామని ఆమె అనుమానం. అందరం జేబులు తిరగేసి చూపించి పోవాలి. గుడికి పోతే గంట కొట్టినట్టు అదొక ఆచారం అయిపోయింది.

కథ ఇంతే. చాలా దూరంలో ఉన్న ఒక నక్షత్రానికి ఓడ పోతూ ఉంటుంది. అందులో కొద్దిమంది మనుషులు. వాళ్ళలో ఒకడు మనిషి కాడు, మనిషి రూపం వేసుకొని ఎక్కినవాడు. ఎవడన్నది ఎవరికీ తెలియదు. ఒకరినొకరు అనుమానించుకుంటూ ఏళ్ళ తరబడి ప్రయాణం. అత్త కోసమే ఎవరో కూర్చొని రాసినట్టుండేది. ఓడకు పెద్ద ఒక ఆడమనిషి. ఆమెను అత్త కెప్టెనమ్మ అనేది. అందరికంటే ఎక్కువ అనుమానం ఓడలో ఆకుకూరలూ మొక్కలూ పెంచే ఒకడి మీద. వాణ్ణి తోటోడు అనేది. వాడు నలుగురిలో కూర్చొని తినడు, ఎక్కువ మాట్లాడడు. నాకు తోటోడంటే ఇష్టం. రోజూ జేబులు చూపించేవాళ్ళ బాధ నాకు తెలుసు కదా.

చదువుతూ చదువుతూ అత్త ఉన్నట్టుండి ఆగేది. కళ్ళద్దాలు తీసి పైట కొంగుతో తుడిచేది. "ఈడ ఈయప్ప అబద్ధం చెప్తా వుండాడు" అనేది. ఈయప్ప అంటే కథ రాసిన ఆయన. "డాక్టరు మంచోడని ఊరికే చెప్తా వుండాడే, అట్ల చెప్తే మనం నమ్మేస్తామని లెక్క." రాసినవాడినే నమ్మకుండా కథ వినడం ఎట్లాగో ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఒక ఏడు ఆయుధపూజ వచ్చింది. మా అంగళ్ళలో ఆ రోజు తక్కెడకూ తూకపు రాళ్ళకూ సెలవు. అన్నీ కడిగి, గంధం పూసి, కుంకుమ పెట్టి, పటాల ముందు పీట మీద వరసగా పేర్చుతారు. పిల్లల పుస్తకాలూ అక్కడే. పూజలో పెట్టినవాటిని మర్నాటిదాకా తాకరాదు. అత్త ఆ ఏడు సీరియల్ కాగితాల కట్టను కూడా తెచ్చి, పాత పంచె గుడ్డ పరిచి దాని మీద పెట్టింది.

"అదేమన్నా బడి పుస్తకమా అత్తా?" అన్నాను.

"అక్షరమంటే అక్షరమేరా. దాంట్లో సరస్వతి లేదనేదానికి నువ్వెవుడు?"

ఫ్యాను గాలికి కాగితాలు రెపరెపలాడుతుంటే చేతికి అందినదేదో వాటి మీద పెట్టి అదిమింది. హారతి ఇచ్చింది. నేను ఆ పీట పక్కనే కూర్చొని శనగల సుండలు, అదే గుగ్గిళ్ళు, తిన్నాను. ఆ కూర్చోవడమే నా కొంప ముంచింది.

మర్నాడు పీట ఎత్తి అన్నీ యథాస్థానంలో సర్దాక చూసుకుంటే యాభై గ్రాముల రాయి లేదు. చిన్న ఇనప రాయి. కానీ ఏడాదికోసారి తూనికల అధికారి వచ్చి ముద్ర వేసి పోయే రాయి. ముద్ర ఉన్న రాయి తప్పిపోయిందంటే తూకంలో మోసం చేసే అంగడని పేరొస్తుంది. ఊరినంతా అనుమానించే మనిషి తన తక్కెడ మీద మాత్రం ఎవరి అనుమానమూ పడనిచ్చేది కాదు.

"నిన్న పీట కాడ కూర్చునింది ఎవురు? నువ్వే గదా. జేబులు చూపీ."

చూపించాను.

"నిక్కరు అంచు మడత ఇప్పు."

విప్పాను. ఏమీ లేదు. సాయంత్రం మా ఇంటికి వచ్చింది. నా బడి సంచి గుమ్మంలో బోర్లించి చూసింది. మా అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"వదినా, ఎతికేది నీ అంగట్లో ఎతుక్కో. నా బిడ్డ దొంగ గాదు."

"దొంగ అని నేను అన్నానా? చూస్తా వుండాను, అంతే."

ఆ 'అంతే' అన్న మాట నాకు దెబ్బ కంటే గట్టిగా తగిలింది. దొంగవి అని ఉంటే కాదని అరిచేవాణ్ణి. చూస్తా ఉన్నాననే మనిషికి ఏం జవాబు చెప్తాం? మా అమ్మ ఆ అంగడికి పోవడం మానేసింది. ఉప్పు కూడా ఇంకో వీధి నుంచి తెచ్చుకున్నాం. సంగతి బడిదాకా పోయింది. వెనక బెంచీవాళ్ళు నన్ను "రాయి, రాయి" అని పిలిచేవారు. అప్పుడు నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువగా ఉండేది. ఆ కోపంలోనూ ఓడ ఎందాకా పోయిందోనన్న ఆరాటం ఇంకోవైపు.

కొన్నాళ్ళకు అత్త కూతురు మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అప్పుడది చాలా చిన్నపిల్ల.

"బావా, అమ్మ రమ్మనింది. కథ చదవతాదంట."

మా అమ్మ పోవద్దంది. నేను పోయాను. కథ కోసం పోయాను, ఆమె కోసం కాదు.

లోపలికి అడుగుపెట్టగానే తక్కెడ వైపు చూశాను. యాభై గ్రాముల రాయి మిగతా రాళ్ళ పక్కన దాని చోట్లో అది కూర్చొని ఉంది.

"దొరికిందా?" అన్నాను.

"దొరికింది."

"యాడ?"

"దొరికిందంటే దొరికింది. కూర్చో."

ఆ వేళ వేరే పిల్లలెవరినీ పిలవలేదు. నేనూ, ఆమె కూతురూ. కాగితం చేతిలోకి తీసుకొని కొంత చదివింది. ఓడలో అందరూ తోటోణ్ణి చుట్టుముట్టారు. మనిషి కానివాడు నువ్వేనంటున్నారు. బయటి తలుపు తెరిచి వాణ్ణి చీకట్లోకి తోసేయబోతున్నారు. అక్కడ అత్త ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడిచింది. చాలాసేపు తుడిచింది. ఈయప్ప మళ్ళీ అబద్ధం చెప్తున్నాడంటుందని ఎదురుచూశాను. ఆమె మాత్రం అద్దాలు పెట్టుకొని, ఎప్పుడూ లేనంత నిదానంగా చదవడం మొదలుపెట్టింది.

"అప్పుడు కెప్టెనమ్మ వచ్చినాది. ముందు ఆ తలుపు మూయండి అనింది. ఇన్నాళ్ళూ ఈ తోటోడి జేబులు మనం చూసినాము గదా, మన జేబులు ఈయనకు ఒక్కనాడన్నా చూపించినామా అనింది. అందురూ తలకాయలు దించుకున్నారు. కెప్టెనమ్మ పోయి తోటోడి ముందర నిలబడి, తన జేబులు రెండూ బయటికి లాగి చూపించినాది. చూసుకో నాయనా, నా దాంట్లో ఏమీ లే, నీ దాంట్లోనూ ఏమీ లే, తప్పు నాది అనింది."

కాగితం మడిచేసింది. నేను లేచి, అలవాటు కొద్దీ వాకిట్లో నిలబడి జేబులు తిరగేశాను. ఆమె నా వైపు చూడలేదు. "పో పో, మీయమ్మ ఎదురుచూస్తా వుంటాది" అంటూ మిరపకాయల బస్తా సర్దుకుంటూ ఉండిపోయింది. మర్నాడు మాత్రం మామూలే. "జేబులు చూపీ."

ఆ రాత్రి నేను కథ రాసిన ఆయనకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఎక్కడో మద్రాసులో కూర్చొని రాసుకునే మనిషికి తిరువళ్ళూరులో నాకు జరిగిన అవమానం ఎట్లా తెలిసిందో అని ఆశ్చర్యపోయాను. అంతమంది నన్ను అనుమానించినా నన్నెరిగినవాడు ఒకడున్నాడన్న ధైర్యం వచ్చింది. బెంచీవాళ్ళు రాయి అంటే ఇక బాధపడలేదు. పెద్దయ్యాక కూడా, ఎవరన్నా నన్ను తేడాగా చూసినప్పుడల్లా కెప్టెనమ్మ వచ్చి నా ముందు నిలబడేది. మా పాప చిన్నప్పుడు అన్నం తినకపోతే ఈ కథే చెప్పి తినిపించేవాణ్ణి.

తర్వాత భాగాల్లో తోటోడు పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఏదో మూల మొక్కలకు నీళ్ళు పోస్తూ ఉండేవాడు. మనిషి కానివాడు ఎవడో చివరికి తేలనే లేదు. "ఇంకా ఓడలోనే వుండాడు. అందుకే ఎవుర్నీ నమ్మొద్దు" అని అత్త ముగించింది. ఆమె నోట ఆ ముగింపు చాలా సబబుగా అనిపించింది.

పోయిన నెల మా పాప రెండు లావుపాటి పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టింది. అది కాలేజీలో చదువుతోంది. తమిళం గడగడ చదువుతుంది, తెలుగు కూడబలుక్కుంటుంది. ఆ పాత సీరియల్ అన్ని భాగాలూ కలిపి కొత్తగా అచ్చువేశారట.

"నాయనా, నీ తోటోడి కథ."

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ జలదరించింది. నక్షత్రాలకు పోయే ఓడలో కంప్యూటరు బీరువాల వరసంత ఉంది. అది కాగితం చుట్టలు కక్కుతుంటే ఒకాయన కత్తెరతో కత్తిరించుకుంటున్నాడు. ఎవడి చేతిలోనూ ఫోను లేదు. డాక్టరు ఓడలోనే చుట్ట కాలుస్తాడు. అయినా మొదటి భాగం అయ్యేదాకా దించలేదు. మిరపకాయల ఘాటు కూడా ముక్కుకు తగిలినట్టే ఉంది.

కాని నేను కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో ఉన్నాను. అనుమానపడటానికే నాకు జీతం ఇస్తారు. మొదట కెప్టెను దగ్గర ముల్లు గుచ్చుకుంది. పుస్తకంలో ఆయనకు మీసం ఉంది. తర్వాత ఊరమిరపకాయలు. అత్త చదివినప్పుడు ఓడలో ఊరమిరపకాయల కోసం పెద్ద పోట్లాట జరిగింది. పుస్తకమంతా తిరగేసినా ఒక్క మిరపకాయ లేదు. ఆ తర్వాత ఇంకో మాట కంటపడింది. ఓడలో ఎవరూ ఏదీ దాచుకోకూడదని వాళ్ళ దుస్తులకు జేబులే పెట్టలేదని రెండో అధ్యాయంలో స్పష్టంగా రాసి ఉంది.

జేబులే లేకపోతే కెప్టెనమ్మ తిరగేసిందేమిటి?

ముందు నా అనుమానం అచ్చువేసినవాళ్ళ మీదికి పోయింది. పాత కథను కత్తిరించి, మార్చి ఉంటారు. పుస్తకం వెనక ఉన్న నంబరుకు ఫోను చేసి గట్టిగా అడిగాను. అవతలి మనిషి ఓపిగ్గా, "సార్, ఒరు వరి కూడ మాత్తలే" అన్నాడు. ఒక్క వరస కూడా మార్చలేదట. నమ్మబుద్ధి కాలేదు.

రెండు రోజుల తర్వాత తోటోడి అధ్యాయం వచ్చింది. చుట్టుముట్టారు. తలుపు తెరిచారు. ఎవరూ అడ్డం రాలేదు. మనిషి కానివాడు వాడే. మీసాల కెప్టెను తన చేత్తోనే వాణ్ణి చీకట్లోకి తోసేశాడు. తర్వాత అందరూ భోజనానికి కూర్చున్నారు.

నేను పుస్తకం మూసేశాను. ఇన్నేళ్ళు దణ్ణం పెట్టుకున్న ఆయన నన్ను తోసేసినట్టే అనిపించింది.

మా పాప అప్పటికే చదివేసినట్టుంది. "నాయనా, నువ్వు చెప్పిందొకటి, దీంట్లో వుండేదొకటి. ఏది అబద్ధం?" అంది.

అబద్ధం అత్తది. అందులో సందేహం లేదు. ఎందుకు చెప్పిందన్నదే నన్ను పట్టుకుంది. పాత పేపర్లవాడు తెచ్చే పత్రికల్లో అన్ని వారాలవీ దొరకవు. దొరికినవాటిలో కొన్ని ఆమె చూసుకోకుండానే మిరపకాయలు చుట్టుకొని పోయుంటాయి. దొరకని వారాలను తనే కల్పించి చదివినట్టు నటించింది. ఊరమిరపకాయలు అట్లా వచ్చినవే. మరి కెప్టెనమ్మ జేబులు? ఆ వారం పేజీ కూడా లేక, నోటికొచ్చింది చెప్పిందా? అదే అయితే నేను ఇన్నాళ్ళు గుండెకు హత్తుకున్నది ఒక పొరపాటును. లేక పేజీ చేతిలో పెట్టుకొని, దాంట్లో ఉన్నది చదవకుండా, నా కోసం ఇంకోటి చెప్పిందా? ఈ రెంటిలో ఏదో తెలియకుండా నేను ఉండలేను. ఆమె పెంచిన అనుమానం మరి, ఆమెను మాత్రం ఎట్లా వదులుతుంది?

ఆదివారం పొద్దున్నే తిరుత్తణి రైలెక్కాను. అత్త కూతురు అక్కడే ఉంటుంది. కొండ కింద వీధిలో పూజ సామాన్ల అంగడి. నన్ను చూడగానే మొహమంతా నవ్వింది. వెంటనే ఆ నవ్వు సగానికి తగ్గింది.

"ఏం బావా, ఫోను గూడా చేయకుండా వచ్చినావు?"

"ఉట్టినే వచ్చినా."

"ఉట్టినే ఎవురూ రారు." కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది, ఎదురుగా నిలబడింది. "అమ్మ ఇత్తడి బిందె సంగతైతే ముందే చెప్తా వుండా, అది నాకే ఇచ్చేసి పోయినాది."

"బిందె వద్దు. మీయమ్మ చదివే ఓడ కాగితాలు వుండాయా?"

ఆమె నన్ను కాసేపు కళ్ళు చికిలించి చూసింది. "వాటికి ఇప్పుడు రేటు వచ్చిందా?"

లేదని చెప్పి నమ్మించేసరికి కాఫీ చల్లారిపోయింది. చివరికి లోపలి గదిలో అటక మీద నుంచి ఒక మూట దించింది. అదే పాత పంచె గుడ్డ. నేను ముడి విప్పుతుంటే ఆమె పక్కనే పీట వేసుకొని కూర్చుంది, నేను కాగితాలేమన్నా మాయం చేస్తానేమోనని.

ఒక్కొక్కటే తిరగేశాను. కొన్నిటికి పొట్లం మడతలు. కొన్నిటికి నూనె. నేను అనుకున్నట్టే మధ్యమధ్యలో వారాలు లేవు. ఊరమిరపకాయల చోట రెండు వారాలు ఖాళీ. చుట్టూ ఇన్ని ఖాళీలు కనిపిస్తుంటే నా ఆశ సన్నగిల్లింది. తోటోడి వారానికి ముందుది లేదు. ఇక అదీ ఉండదనుకొని కాగితం తిప్పాను.

ఉంది.

తమిళంలో మొదటి వరస నుంచి చివరి వరసదాకా ఉంది. తలుపు తెరవడం, తోటోణ్ణి తోసేయడం, భోజనానికి కూర్చోవడం. ఆ కాగితం నడిమధ్యలో, సరిగ్గా తోసేసిన మాటల మీద, ఒక చిన్న మరక. ఆరు మూలల మరక. లోపల తుప్పు రంగు, అంచుల్లో ఎండిన గంధం పసుపు, ఒక పక్క కుంకుమ.

మా తూకపు రాళ్ళకు ఆరు మూలలు.

ఫ్యాను గాలికి ఎగరకుండా ఆ పూజ రోజు అత్త చేతికి అందింది ఆ రాయే. మర్నాడు గుడ్డ నాలుగు కొసలూ కలిపి ముడి వేసేటప్పుడు అది లోపలే ఉండిపోయింది. నన్ను ఊరి ముందు నిలబెట్టిన రాయి తన చేత్తో తనే మూటగట్టుకుంది. ఆ గొడవలో చదవడం ఆగిపోయి, కొన్నాళ్ళకు కథ కోసం మూట విప్పింది. రాయి కనిపించింది. తీసి తక్కెడ దగ్గర పెట్టి కూతుర్ని మా ఇంటికి పంపింది. నేను వచ్చి ఎదురుగా కూర్చున్నాక కాగితం చేతిలోకి తీసుకుంటే, ఆ మరక కింద అనుమానించినవాళ్ళదే నిజమని అచ్చులో ఉంది. అప్పుడే అద్దాలు తీసి తుడుచుకుంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె పోయిన రోజు రాని ఏడుపు, ఆమె కూతురు ముందు ఆపుకోలేకుండా వచ్చింది.

"ఏమైంది బావా?" అంటూ ఆమె నా భుజం మీదుగా కాగితంలోకి వంగింది. "ఆ మరకా? పూజ మరక అది, పోదు."

"నీకు తోటోడు గుర్తుండాడా?"

"వుండకుండా యాడికి పోతాడు? పాపం, మంచోడు. కెప్టెనమ్మ జేబులు చూపించినాది గదా."

"ఈ కాగితాలు నువ్వెప్పుడూ చదవలేదా?"

"అమ్మ చదివింది విన్నాం గదా. మళ్ళీ నేను చదివేదేముండాది?"

ఆమెకు తమిళం బాగానే వచ్చు. ఒక్క వరస చదివినా చాలు. నేను కాగితాన్ని మడత పెట్టి, మిగతావాటి కింద సర్ది, గుడ్డ కొసలు కలిపి ముడి వేశాను. ఇంటికి పోయాక మా పాపకు ఏం చెప్పాలో కూడా అప్పుడే తెలిసింది. పుస్తకంలో ఉన్నది పుస్తకంలో ఉండనీ, మన తోటోడు మంచోడే అని చెప్తాను.

"ఆ ఒక్క కాగితం నేను తీసుకపోతా" అని అడిగాను.

"ఇచ్చేది లే" అంది. "కావాలంటే ఈడికే వచ్చి చూసుకో."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి గొంతు వినిపించింది. "బావా, తప్పుగా అనుకోవద్దు. జేబులు ఒకతూరి చూపీ."

ఆ గొంతు అచ్చం అత్తది. రెండు జేబులూ లోపలి గుడ్డ కనిపించేదాకా బయటికి లాగాను. రైలు టికెట్టు, ఇంటి బీగం చెవి, ఫోను. ఆమె ఒక్కొక్కటీ చూసి, "సరి, పో" అంది.

"నేను చూపించినా గదా," అన్నాను నవ్వుతూ, "ఇప్పుడు నీవి చూపీ."

ఆమె నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"చీరకు జేబులు యాడుంటాయి బావా?"